శ్రుతి తప్పేది తబలా ఒక్కటే కాదు

పొన్నూరు చుట్టుపక్కల మాగాణుల్లో వరి కోతలు ముగిసి మినుము మొలకెత్తుతుంది. పడమటి మెట్టలో, పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు పత్తి తీతలు సాగుతుంటాయి, మిరపకాయలు పండుతుంటాయి. ఆ రోజుల్లోనే మన సంఘాల్లో సువార్త సభల కాలం మొదలవుతుంది. క్రిస్మస్ ఆరాధనలు, నూతన సంవత్సర ప్రార్థనలు దాటగానే ఊరూరా పందిళ్లు లేస్తాయి. గోడలమీద పోస్టర్లు పడతాయి. వాటిలో ప్రసంగించే దైవజనుని పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, సభకు అధ్యక్షత వహించేవారి పేరుంటుంది, భోజన వసతి సంగతి కూడా ఉంటుంది. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో ‘సంగీత పరిచర్య’ అన్న మాట ఒకటి కనిపిస్తుంది. చాలాసార్లు ఆ మాట పక్కన పేర్లే ఉండవు.

ఆ పేర్లులేని మనుషులే హార్మోనియం పెట్టె, తబలా సంచి భుజాన వేసుకుని నిడుబ్రోలు స్టేషన్లో రైలు దిగుతారు. మూడు రాత్రులు వాయిస్తారు. నాలుగో రోజు తెల్లవారకముందే మరో ఊరి సభకు బస్సెక్కుతారు. వారి పాట మన గుండెల్లో ఏడాదంతా ఉంటుంది. వారి గుండెల్లో ఏముందో మనకు మాత్రం తెలియదు.

వాద్యం మొరాయిస్తే అందరికీ తెలుస్తుంది

వాద్యాలు వాతావరణానికి లొంగే వస్తువులు. తబలా మూత తోలుది. మన డెల్టా ఊళ్లలో రాత్రి తొమ్మిది దాటితే మంచు దిగుతుంది. తేమ తగలగానే తోలు సడలుతుంది, శ్రుతి దిగుతుంది. అదే తబలాను వేదికమీద పెద్ద లైట్ల కింద పెడితే తోలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. అందుకే తబలా కళాకారుడు పాటకూ పాటకూ మధ్య చిన్న సుత్తితో వార్ల కింది చెక్క ముక్కల్ని తడుతూ కనిపిస్తాడు. డప్పు కళాకారుడు గడ్డిమంట వేసి డప్పు కాచుకుంటాడు.

హార్మోనియం సంగతి వేరు. అది 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టి, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటి పనివారి చేతుల్లో చేత్తో తిత్తి ఊదే రూపానికి మారి, మన గుడుల్లోకీ పద్యనాటకాల్లోకీ వచ్చింది. దాని లోపల సన్నని ఇత్తడి రీడ్లు ఉంటాయి. తిత్తి నుంచి గాలి తగిలినప్పుడు అవి కంపించి స్వరమిస్తాయి. బస్సు ప్రయాణంలో పెట్టె అదిరి ఒక్క ఇసుక రేణువు రీడు కింద చేరిందంటే చాలు, ఆ మెట్టు మూగబోతుంది, లేకపోతే నొక్కకుండానే కూస్తూ ఉంటుంది. ఇప్పుడు వచ్చిన కీబోర్డుకు మంచు బాధ లేదు గాని కరెంటు బాధ ఉంది. వోల్టేజి పడిపోయినా, జనరేటరు దడదడలాడినా అది అర్ధంతరంగా ఆగిపోతుంది.

ఇలాంటిది జరిగినప్పుడు సంఘమంతా ఎంత చురుగ్గా కదులుతుందో మీరూ చూసే ఉంటారు. ఒక యువకుడు తెనాలికి మోటారు సైకిలు తీస్తాడు. మరొకరు గుంటూరులో తెలిసినవారికి ఫోను చేస్తారు. కమిటీ పెద్దలు మైకు సెట్టు దగ్గర గుమిగూడతారు. పాట ఆగితే సభ ఆగుతుంది కాబట్టి ఈ చురుకు మంచిదే. కాని ఆ వాద్యం వెనుక కూర్చున్న మనిషి లోపల ఏదైనా సడలిపోతే, ఏదైనా మూగబోతే, దాన్ని బాగుచేయడానికి ఎవరు బయలుదేరతారు?

పాతికేళ్లకు పైబడిన పరిచర్యలో ఎందరో వాద్య కళాకారులతో కలిసి భోజనం చేశాను. ఒకసారి ఒక తబలా కళాకారుణ్ణి ఇంటి సంగతులు అడిగాను. భార్య మిరపకాయల కోతకు కూలికి వెళుతోందని, చిన్న కుమార్తెకు మూడు రోజులుగా జ్వరమని చెప్పాడు. “తబలా శ్రుతి దిగితే సుత్తి ఉంది అయ్యగారూ, ఇంటి బెంగకు సుత్తి లేదు” అన్నాడు. ఆ రాత్రి అతడు ఎప్పటిలాగే వాయించాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. జనం ఆనందంగా చప్పట్లు కొట్టి పాడారు. అతని బాధ ఎవరికీ వినిపించలేదు.

ఒకప్పుడు ఇంటికి కబురు చేయాలంటే ఎస్టీడీ బూతు దగ్గర నిలబడాలి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది, బిడ్డ ముఖం తెరమీద కనబడుతుంది. అది దేవుడిచ్చిన మేలే. కాని తెరమీది బిడ్డ ఒళ్లో కూర్చోదు. జ్వరంతో ఉన్న నుదుటిమీద చెయ్యి వేయాలంటే ఇంట్లో ఉండాల్సిందే. డిసెంబరు 24 రాత్రి లోకమంతా తమ తమ ఇళ్లు చేరుకుంటుంటే సంగీత పరిచారకులు ఇల్లు విడిచి బయలుదేరతారు. వారి పిల్లలు తండ్రి లేకుండానే కొత్త బట్టలు కట్టుకుంటారు.

మన నేల పెంచిన కళాకారులు

ఊరూరా తిరిగే కళాకారులకు మన ప్రాంతం పుట్టినిల్లు. ఇదే గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లులో 1920లో షేక్ నాజర్ పుట్టారు. బుర్రకథా పితామహుడని తెలుగువారు పిలుచుకున్న ఆయనకు 1986లో పద్మశ్రీ లభించింది. ఆయన జీవితకథకు ‘పింజారి’ అని పేరు. పింజారి అంటే పత్తిని ఏకి దూది చేసేవాడు. దూదేకే వింటికీ నారి ఉంటుంది, బుర్రకథకుని తంబూరకూ తీగ ఉంటుంది. ప్రజానాట్యమండలి రోజుల్లో పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు వంటి కథల్ని ఆయన రాత్రుళ్లు జనం ముందు వినిపించారు. భుజాన తంబూర, బొటనవేలికి అందెలు, ఇరుపక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. ఇంత తేలిక సరంజామా తిరిగేవారికోసం పుట్టినదే. మన సువార్తికుల్లో కొందరు ఈ బుర్రకథ రూపంలోనే బైబిలు కథలు చెప్పారు. 1997లో కన్నుమూసిన నాజర్‌ను కళాభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వర విద్వాంసులు. ఆయన తన నేల విడిచి తమిళనాడులోని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. నాదస్వరానికి ప్రాణం నోట పెట్టుకునే చిన్న పీక. దాన్ని కావేరి తీరంలో పెరిగే ఒకజాతి గడ్డితో చేస్తారు. అది ఎండినా, చీలినా అంత పెద్ద వాద్యమూ పలకదు. అందుకే విద్వాంసులు అదనపు పీకల్ని దారంతో కట్టి వాద్యానికే వేలాడదీసుకుంటారు. ఒకటి చెడితే మరొకటి సిద్ధం. కాని బిడ్డ మొదటి అడుగుకు అదనపు పీక లేదు. తల్లి చివరి చూపుకు అదనపు తీగ లేదు. అవి తప్పిపోతే తప్పిపోయినట్టే.

ఆ చిన మౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఒకే వేదికమీద కలిసి నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. ఊరూరా తిరిగే వృత్తిలో భార్యాభర్తలు ఒకే ప్రయాణం చేయగలగడం ఎంత భాగ్యమో! అందరికీ ఆ భాగ్యం దొరకదు. దొరకనివారి సంగతే మనం ఆలోచించవలసింది.

నిరవంజి చెట్టుకు వేలాడిన సితారా

బైబిలులో వాద్యాన్ని గురించి అత్యంత దుఃఖకరమైన మాట 137వ కీర్తనలో ఉంది. బబులోను నదుల దగ్గర కూర్చున్న చెరవారు తమ సితారాల్ని నిరవంజి చెట్లకు తగిలించారు. వాటి తీగలు తెగలేదు, కర్ర విరగలేదు. వాద్యాలు బాగానే ఉన్నాయి. వాయించవలసినవారి మనసే విరిగింది. ఇల్లు కాలిపోయింది, దేవాలయం కూలిపోయింది, అయినవారు చెదిరిపోయారు. పైగా చెరపట్టినవారు వచ్చి సీయోను పాటల్లో ఒకటి పాడి వినిపించమన్నారు. వినోదం కోసం అడిగారు. అన్యదేశంలో యెహోవా పాట ఎలా పాడగలమని వారు తిరిగి ప్రశ్నించుకున్నారు (కీర్తనలు 137:1-4).

ఈ కీర్తనను మనం విషాద గీతంగా చదివి ముందుకు వెళ్లిపోతాం. ఒక సంగతి మాత్రం గమనించం. పాడలేము అన్న ఆ మాటే ఒక పాటైంది. పాడలేకపోతున్నవారి కన్నీటిని దేవుడు తన కీర్తనల గ్రంథంలో చేర్చుకున్నాడు. స్తుతిగీతాల పక్కనే దానికీ చోటిచ్చాడు. కాబట్టి ఇంటిమీద బెంగపెట్టుకోవడం అవిశ్వాసం కాదు. సేవకుడన్నవాడు ఎప్పుడూ నవ్వుతూ ఉండాలన్న నియమం దేవుడు పెట్టినది కాదు, మనం పెట్టినది. దూరపు ఊళ్లో అరుగుమీద పడుకుని భార్యాబిడ్డల్ని తలుచుకుని కన్నీరు పెట్టే కళాకారుడా, నీ కన్నీరు కూడా ఆయన సన్నిధిలో ఒక కీర్తనే.

ఆ చెట్లకు వేలాడిన సితారాలు అక్కడే ఉండిపోలేదు. చెర నుంచి తిరిగివచ్చిన మొదటి గుంపు లెక్కలో ఆసాపు వంశపు గాయకులు 128 మంది ఉన్నారు (ఎజ్రా 2:41). దేవుడు వారిని ఇంటికి చేర్చి మరీ పాడించాడు.

తిరిగే వాద్యకారుల జాబితాలో మొదట రాసుకోవలసిన పేరు దావీదుది. సౌలు కలత చెందినప్పుడల్లా సితారా వాయించడానికి రాజనగరుకు వెళ్లాలి, మళ్లీ బేత్లెహేముకు వచ్చి తండ్రి గొర్రెల్ని మేపాలి. అలా వెళుతూ వస్తూ ఉండేవాడని గ్రంథం చెబుతోంది (1 సమూయేలు 17:15). అతని సంగీతం రాజుకు నెమ్మది ఇచ్చింది. ఆ రాజే ఒకరోజు వాయిస్తున్నవానిమీదికి ఈటె విసిరాడు (1 సమూయేలు 18:10-11). ఇతరులకు నెమ్మది పంచేవానికి నెమ్మది ఉంటుందని అనుకోవద్దు. సిక్లగులో తన కుటుంబం చెరపట్టబడినప్పుడు ఆ మధుర గాయకుడు ఏడ్వడానికి కూడా శక్తి లేనంతగా ఏడ్చాడు, ఆ తరువాతే తన దేవుని యందు ధైర్యం తెచ్చుకున్నాడు (1 సమూయేలు 30:4-6). ముందు కన్నీరు, ఆ తరువాత ధైర్యం. ఈ వరుసను మనం తారుమారు చేయకూడదు.

గాయకులు పొలాలకు పారిపోయిన రోజు

మన సంఘాలు మరీ జాగ్రత్తగా చదవవలసిన భాగం నెహెమ్యా గ్రంథంలో ఉంది. దావీదు కాలంలోనే దేవాలయ సంగీతానికి చక్కని ఏర్పాటు జరిగింది. నేర్పు గల 288 మందిని చీట్లు వేసి 24 వంతులుగా, వంతుకు 12 మంది చొప్పున విభజించారు (1 దినవృత్తాంతములు 25). బరువు ఏ ఒక్కరిమీదా పడకుండా అందరికీ పంచారు. నెహెమ్యా రోజుల్లో గాయకులు యెరూషలేము చుట్టూ తమకు పల్లెలు కట్టుకున్నారు (నెహెమ్యా 12:29). పరిచర్య ఒకచోట, కుటుంబం ఎక్కడో దూరాన అన్న పరిస్థితి రాకుండా ఇళ్లను ఆలయానికి దగ్గరగా తెచ్చుకున్నారు. ఇశ్రాయేలీయులందరూ గాయకులకు రావలసిన భాగాన్ని ఏ రోజుది ఆ రోజు ఇచ్చేవారు (నెహెమ్యా 12:47).

తరువాత నెహెమ్యా కొంతకాలం ఊళ్లో లేడు. తిరిగి వచ్చి చూస్తే ఆలయంలో పాట లేదు. విచారిస్తే తెలిసింది, ఇవ్వవలసిన భాగం ఇవ్వకపోవడంతో లేవీయులు, గాయకులు ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు (నెహెమ్యా 13:10). ఆకలి వేసిన కుటుంబాల కోసం నాగలి పట్టుకున్నారు. అప్పుడు నెహెమ్యా ఎవరిని గద్దించాడు? గాయకుల్ని కాదు. మీకు సమర్పణ లేదు, మీరు డబ్బు మనుషులు అనలేదు. అధికారుల్ని గద్దించాడు, దేవుని మందిరం ఎందుకు విడిచిపెట్టబడిందని వారిని నిలదీశాడు (నెహెమ్యా 13:11). ఆ తరువాత గాయకుల్ని పిలిపించి మళ్లీ వారి వారి స్థలాల్లో ఉంచాడు. గాయకుని ఇంట్లో పొయ్యి వెలగకపోతే అది దేవుని మందిరాన్ని విడిచిపెట్టడమే అన్నది నెహెమ్యా వేదాంతం. సెమినరీలో చదివిన పెద్ద పెద్ద గ్రంథాలకన్నా ఈ ఒక్క వచనం సంఘకాపరికి ఎక్కువ బుద్ధి చెబుతుంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? పందిరికి ఇంత, లైట్లకు ఇంత, మైకు సెట్టుకు ఇంత అని ముందే మాట్లాడుకుంటాం. సంగీతం దగ్గరికి వచ్చేసరికి ‘కానుకలు చూసి ఇద్దాం’ అంటాం. లైట్లవారికి లెక్క, తబలా కళాకారునికి విశ్వాసం! విశ్వాసంతో జీవించమని ఒకరికి బోధించి, మరొకరికి నోట్లు లెక్కపెట్టడం న్యాయం కాదు. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన తండ్రి తన పిల్లలకు ఆ సభ ఆశీర్వాదకరంగా జరిగిందని ఎలా చెబుతాడు?

ఆర్గను లేకుండానే

వాద్యం లేనంతమాత్రాన దేవుని పని ఆగదని కూడా చెప్పుకోవాలి. మన సంఘాలు క్రిస్మస్‌కు పాడే ‘సైలెంట్ నైట్’ గీతం 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి గుడిలో మొదటిసారి వినిపించింది. మాటలు రాసిన యోసెఫ్ మోర్, స్వరం కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ ఇద్దరూ కలిసి పాడారు. తోడుగా ఉన్నది ఆర్గను కాదు, ఒక గిటారు. ఎలుకలు ఆర్గను తిత్తిని కొరికేశాయని చెప్పుకునే కథకు ఆధారం లేదు. ఆ గుడి ఆర్గను పనిమీద వచ్చిన కార్ల్ మౌరాకర్ అనే పనివాడు ఆ పాటను తన లోయకు తీసుకువెళ్లాడని చెబుతారు. అక్కడి నుంచి ఊరూరా తిరిగి పాడే కుటుంబాలు, స్ట్రాసర్లు, రైనర్లు, దాన్ని దేశాలు దాటించారు. రైనర్ల బృందం 1839లో అమెరికాలో పాడింది. గమనించండి, ఆ పాటను లోకమంతటికీ మోసినవారు కుటుంబాలుగా తిరిగిన గాయకులు.

పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడినప్పుడు చేతుల్లో వాద్యం లేదు, కాళ్లకు బొండ ఉంది (అపొస్తలుల కార్యములు 16:24-25). ఖైదీలు విన్నారు. వాద్యం లేకున్నా పాట బతుకుతుంది. మనిషి లేకపోతే మాత్రం బతకదు. కాబట్టి వాద్యంకన్నా మనిషిని ముందు కాపాడుకోవాలి.

మనం చేయగలిగినది

ఈ సభల కాలానికి మన ప్రాంత సంఘాలు కొన్ని చిన్న తీర్మానాలు చేసుకోవచ్చు. సంగీత బృందానికి ఇచ్చేది పిలిచిన రోజే చెప్పాలి. రాకపోకల ఖర్చు వేరుగా ఇవ్వాలి. చివరి రాత్రి వారు బస్సెక్కకముందే ఆ మొత్తం వారి చేతికి అందాలి. ప్రసంగీకునికి గది ఇచ్చినప్పుడు వాద్యకారునికి కూడా దుప్పటి, దోమతెర, వేడి నీళ్లు దొరకాలి. వారి పేర్లు పోస్టరుమీద వేయాలి. పాస్టరు ప్రార్థన చేసేటప్పుడు వారి భార్య పేరు, పిల్లల పేర్లు అడిగి తెలుసుకుని, వేదికమీద ఆ పేర్లతో ప్రార్థించాలి. ఇంటిదగ్గర ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే, కార్యక్రమం పోతుందేమోనని మొహం మాడ్చకుండా పంపించాలి.

మరొక పని మరింత ముఖ్యం. దావీదు ఏర్పాటు చేసిన వంతుల పద్ధతి మనకూ కావాలి. ఏ సంఘానికి ఆ సంఘం ఇద్దరు ముగ్గురు యువతీ యువకులకు హార్మోనియం, తబలా, కీబోర్డు నేర్పించాలి. క్రిస్మస్ రాత్రికి దూరపు ఊరివారిని పిలవకుండా మన పిల్లలే వాయిస్తే, ఆ దూరపు ఊళ్లో ఒక తండ్రి తన బిడ్డలతో పండుగ చేసుకుంటాడు. మనవాళ్ల వాద్యం కొంచెం తడబడినా ఫర్వాలేదు. ఒక ఇంటి సంతోషంకన్నా తప్పులేని తాళం గొప్పది కాదు.

సంగీత పరిచారకులకు కూడా ఒక మాట. వచ్చిన ప్రతి తేదీనీ ఒప్పుకోవద్దు. అవసరం ఉంటుంది, అప్పులుంటాయి, నిజమే. కాని స్వకీయుల్ని, ముఖ్యంగా తన ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసాన్ని వదులుకున్నట్టేనని పౌలు కఠినంగా రాశాడు (1 తిమోతి 5:8). ఆ సంరక్షణ కేవలం డబ్బు పంపడం కాదు. సభల క్యాలెండరులో ముందుగా ఇంటి తేదీలు గుర్తుపెట్టుకోండి, మిగిలినవి సంఘాలకివ్వండి. ఇంట్లో వాద్యం తీసి పిల్లల మధ్య కూర్చుని ఒక పాట పాడండి. ఊరూరా వేలమంది విన్న మీ పాట మీ బిడ్డలు విన్నారా? బాధ కలిగినప్పుడు దాచుకోవద్దు. మీరు వెళ్లిన ఊరి కాపరితో చెప్పండి. వినడం అతని పని.

మన ప్రభువు కూడా ఊరూరా తిరిగినవాడే. చివరి రాత్రి శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరాడు (మత్తయి 26:30). మరునాడు సిలువమీద లోకపాపభారమంతా మోస్తున్న గడియలో కూడా ఆయన కన్నులు తల్లి కోసం వెదికాయి. ఆమెను ప్రియ శిష్యునికి అప్పగించాడు, ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). రక్షణ కార్యం మధ్యలో తల్లిని మరచిపోని ప్రభువు, తన పని పేరు చెప్పి ఎవరి తల్లినీ, ఎవరి భార్యనూ, ఎవరి బిడ్డనూ మరచిపొమ్మని అడగడు. మరి మనం ఎందుకు అడుగుతున్నాం?